పసిఫిక్ దీవులన్నీ 1971లోనే ఒక యూనియన్‌గా కలిసుంటే నిలబడేదా?

ద్వీపకల్పన
‘ఇలా జరిగి ఉంటే’ వరుసలో పెద్ద కథనం ఒకటి రాస్తున్నా. నాలుగు అధ్యాయాలు అయ్యాయి, ఐదో దాని దగ్గర బండి ఆగింది. సంగతి ఇదీ. 1971 ఆగస్టులో వెల్లింగ్టన్‌లో దక్షిణ పసిఫిక్ ఫోరం మొదటిసారి కూర్చుంది. ఫిజీ, టోంగా, పశ్చిమ సమోవా (ఇప్పటి సమోవా), నౌరు, కుక్ దీవులు, వీటి పక్కన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. నా కథలో ఆ పెద్ద దేశాలు రెండూ బల్ల దగ్గర లేవు. మిగిలిన ఐదూ ఉమ్మడి మార్కెట్, ఒకే డాలరు, ఒకే ఓడల కంపెనీ, ఒకే పాస్‌పోర్టు పెట్టుకుంటాయి. తర్వాత స్వతంత్రం వచ్చిన కొద్దీ పాపువా న్యూ గినీ (1975), సోలమన్ దీవులు, టువాలు (1978), కిరిబాటి (1979), వనువాటు (1980) చేరతాయి.

ఎవరికి చదివి వినిపించినా "బాగుంది గానీ నమ్మబుద్ధి కావట్లేదు" అంటున్నారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. యూరప్ వాళ్ళు రెండు యుద్ధాల్లో కొట్టుకుని కూడా కలిశారు కదా, వీళ్ళెందుకు కలవలేరు? ఎక్కడ తేలిపోతోందో మొహమాటం లేకుండా చెప్పండి.

పాత_అట్లాసు
1971 దాకా ఆగడం ఎందుకండీ? నిజంగా ప్రయత్నం జరిగింది 1887లో. హవాయి రాజు కలాకౌవా పాలినేషియా దీవులన్నిటినీ ఒక సమాఖ్యగా కూర్చాలనుకున్నాడు. సమోవాకి రాయబారిని పంపాడు, ఆ ఫిబ్రవరిలో అక్కడి రాజు మలియెటోవా లౌపెపాతో ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. కైమిలోవా అని ఒక పాత ఓడ కొని, దాన్నే యుద్ధనౌక చేసి సమోవా రేవు అపియాకి పంపారు. అంతలో జులైలో హోనొలూలూలో తెల్ల వ్యాపారులు తుపాకులు చూపించి రాజుతో కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించారు, అధికారం మొత్తం ఊడిపోయింది. అక్కడ సమోవాలో జర్మన్లు మలియెటోవాని పట్టుకుని ప్రవాసానికి పంపేశారు. ఒకే ఏడాదిలో పుట్టడం, పోవడం రెండూ అయిపోయాయి.

ఇదే కలాకౌవా 1881లో ప్రపంచయాత్ర చేస్తూ మన కలకత్తా, బొంబాయి మీదుగానే వెళ్ళాడు.

తేదీరేఖ
కలాకౌవా కథ నాకు కొత్త. దీని మీదే విడిగా దారం పెట్టండి ప్లీజ్.

లెక్కలపుల్ల
ద్వీపకల్పన గారూ, నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ఒకే ముక్క: పాపువా న్యూ గినీ (పీఎన్‌జీ).

1975లో దాని జనాభా పాతిక లక్షలు దాటి ఉంది. మీరు చెప్పిన మిగతా దేశాలన్నీ కలిపినా అందులో సగం ఉండవు. ఇప్పుడూ అంతే, అది కోటి దాటిపోయింది, ఫిజీ తొమ్మిది లక్షల దగ్గరే ఉంది. తలకో ఓటు అంటే యూనియన్ మొత్తం దాని రాజధాని పోర్ట్ మోర్స్‌బీ చేతికి పోతుంది. దేశానికో ఓటు అంటే పదకొండు వేల మంది ఉన్న టువాలు, కోటి మంది ఉన్న పీఎన్‌జీ సమానం. ఏది పెట్టినా ఎవరో ఒకరు లేచి పోతారు.

ఊహించి చెప్పడం లేదు. వెస్టిండీస్ ఫెడరేషన్ చూడండి. 1958లో పది దీవుల రాష్ట్రాలు కలిశాయి. జనాభాలో సగం జమైకాదే. 1961లో జమైకా ప్రజలు రెఫరెండంలో వద్దన్నారు. ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ "పదిలోంచి ఒకటి తీస్తే సున్నా" అని తనూ తప్పుకున్నాడు. 1962 మేకి దుకాణం మూశారు. నాలుగేళ్ళు. వాళ్ళందరిదీ ఒకే ఇంగ్లీషు, ఒకే క్రికెట్ జట్టు అయ్యుండి కూడా.

ద్వీపకల్పన
వెస్టిండీస్ పోలిక బాగా గుచ్చుకుంది. కానీ అక్కడ ఫెడరేషన్ లండన్ నుంచి వచ్చింది. ఇక్కడ నాయకులు సొంతంగా చేసుకున్నారన్నదే నా కథకి ప్రాణం. తర్వాత ఫిజీ ప్రధాని అయిన రాతు మారా 1965లో పాపువా న్యూ గినీలోని లాయెలో జరిగిన దక్షిణ పసిఫిక్ సమావేశంలోనే వలస దేశాల పెత్తనం మీద తిరగబడ్డాడు కదా.

చీఫ్_ఇంజనీర్_భీమిలి
జనాభా సంగతి సరే. దూరం సంగతి ఎవరూ మాట్లాడరేం? పలావులో కోరోర్ నుంచి కుక్ దీవుల్లో రారొటోంగా దాకా ఏడు వేల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్ళినంత. మధ్యలో ఉన్నదంతా నీళ్ళు.

నేను బల్క్ క్యారియర్ మీద ఉండగా ఫాస్ఫేట్ కోసం నౌరు వెళ్ళాం. అక్కడ హార్బర్ అంటూ ఏమీ లేదు. దీవి అంచు దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది, లంగరు నేలని అందుకోదు. ఓడని బోయాలకి కట్టి నిలబెడతారు. ఒడ్డు నుంచి ఇనప చేతుల్లాంటి కాంటిలీవర్లు రెండు ఓడ మీదకి తిరిగి వచ్చి, వాటి మీద బెల్టు తిరుగుతూ ఫాస్ఫేట్ హోల్డులోకి, అంటే ఓడ కడుపులోని సరుకు గదిలోకి, పోస్తుంది. తెల్లటి దుమ్ము ఒంటినిండా, అన్నంలో కూడా. పడమటి గాలి లేచిందా, తాళ్ళు విప్పుకుని సముద్రంలోకి పోయి తిరుగుతూ ఉండాలి. గాలి తగ్గేవరకూ మాకు పనిలేదు, దీవికి ఆదాయం లేదు.

"ఒకే ఓడల కంపెనీ" అని ఒక వాక్యంలో రాసేశారు మీరు. ఆ వాక్యం వెనక ఇంత ఉంది.

కొబ్బరాకు
ఓడలు నిజంగానే పెట్టారు కదా అన్నా, పసిఫిక్ ఫోరం లైన్ అని, 1977లో.

చీఫ్_ఇంజనీర్_భీమిలి
పెట్టారు తమ్ముడూ, నష్టాలూ వచ్చాయి. పెద్ద రేవుల మధ్య సరుకు దొరుకుతుంది. చిన్న దీవికి వెళ్తే దింపేది బియ్యం, పిండి, డీజిలు. ఎక్కించుకునేది నాలుగు బస్తాల కొబ్బరి కురిడీ. ఖాళీ ఓడకి కూడా నూనె తగలబడుతుంది కదా. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే గొడవంతా.

సువా_టీచరమ్మ
ఫిజీ రాజధాని సువాలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నాను, కాబట్టి ఈ దారంలో నాకూ వాటా ఉంది.

మీరందరూ యూనియన్ రాలేదు, రాలేదు అంటున్నారు. ఒకటి వచ్చింది, నడుస్తోంది కూడా. యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్. 1968లో లౌకాలా బే దగ్గర, న్యూజిలాండ్ వైమానిక దళం సీప్లేన్లు దిగే పాత స్థావరంలో మొదలైంది. పన్నెండు దేశాలు కలిసి నడిపే విశ్వవిద్యాలయం అది. వ్యవసాయం సమోవాలో అలఫువా క్యాంపస్‌లో, న్యాయశాస్త్రం వనువాటులో ఎమలస్‌లో. తరగతిలో కిరిబాటి పిల్ల, సోలమన్ కుర్రాడు, టోంగా అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వీళ్ళే పదేళ్ళ తర్వాత తమ తమ దేశాల్లో కార్యదర్శులు, మంత్రులు అవుతారు. ఒకరికొకరు ఫోన్ చేసుకుని పని చేయించుకుంటారు.

వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులైలో అభిప్రాయం చెప్పింది గుర్తుందా? దేశాలకి దీని మీద చట్టపరమైన బాధ్యత ఉందని తేల్చింది. ఆ ఆలోచన 2019లో ఈ యూనివర్సిటీ లా విద్యార్థులు 27 మంది మొదలుపెట్టింది. వనువాటు ప్రభుత్వం భుజాన వేసుకుని ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్ళింది. ఉమ్మడి బడి లేకపోతే ఆ కేసు లేదు. మీ కథలో పాస్‌పోర్టు కంటే ముందు బడి రాయండి.

పాత_అట్లాసు
టీచరమ్మ గారికి నా తోడు. అంతకు ముందే సువాలో సెంట్రల్ మెడికల్ స్కూల్ ఉండేది, 1928 నుంచి. ఎక్కడెక్కడి దీవుల పిల్లలూ అక్కడికొచ్చి వైద్యం నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. పైగా 1877 నుంచి దాదాపు వందేళ్ళు పశ్చిమ పసిఫిక్ హైకమిషనర్ అని ఒకే బ్రిటిష్ అధికారి కింద సోలమన్, గిల్బర్ట్-ఎలిస్ దీవులు (ఇప్పటి కిరిబాటి, టువాలు) లాంటివన్నీ ఉండేవి. చాలా ఏళ్ళు ఫిజీ గవర్నరే ఆ హైకమిషనర్. ఒక పాలనా చట్రం అప్పటికే ఉంది. స్వతంత్రం ఇచ్చేటప్పుడు ముక్కలు చేసి ఇచ్చారు.

లెక్కలపుల్ల
ముక్కలు వాళ్ళే కోరుకున్నారు సార్. గిల్బర్ట్-ఎలిస్ ఒకే కాలనీ. 1974లో ఎలిస్ దీవుల వాళ్ళని అడిగితే నూటికి తొంభై మందికి పైగా విడిపోతాం అన్నారు. ఆస్తుల్లో దాదాపు ఏమీ రాదని తెలిసి కూడా. అదే టువాలు. అమెరికా ట్రస్టు కింద ఉన్న మైక్రోనేషియాలో కూడా 1978లో ఉమ్మడి రాజ్యాంగం ఓటుకి పెడితే పలావు, మార్షల్ దీవులు వద్దన్నాయి. యాప్, చూక్, పోన్‌పే, కోస్రే మాత్రమే మైక్రోనేషియా సమాఖ్యగా మిగిలాయి. బూగన్‌విల్ 2019లో పీఎన్‌జీ నుంచి బయటికి పోతామని 98 శాతం ఓటేసింది. ఈ ఓట్లలో విడిపోతామన్న మాటే ఎక్కువ వినిపించింది.

తేదీరేఖ
రాజధాని ఎక్కడ పెడతారో చెప్పండి ముందు. నా సలహా: ఓడ మీద. ఆర్నెల్లకో దీవి.

కొబ్బరాకు
పార్లమెంటు సమావేశాల మధ్యలో సభ్యులకి వాంతులు 😂

ఓరుగల్లు_పోరడు
రాజధాని లొల్లి కాదన్నా అసలుది, కుర్చీ లొల్లి. 2021 ఫిబ్రవరిల ఫోరం ప్రధాన కార్యదర్శిని ఎన్నుకున్నరు. ఈసారి మా వంతు అని మైక్రోనేషియా ప్రాంతపు ఐదు దేశాలు అన్నయి. కాగితం మీద ఎక్కడ లేదు, నోటిమాట, పెద్దమనుషుల ఒప్పందం. ఓటు పెట్టిన్రు, 9-8 తోని కుక్ దీవుల హెన్రీ పునా గెలిచిండు. ఐదుగురు లేచి మేం పోతున్నం అన్నరు. పెద్దమనుషుల ఒప్పందం అంటే ఏందో మా తెలంగాణోళ్ళకి 1956 సంది తెలుసు, కాబట్టి నేను ఆ ఐదుగురి దిక్కే.

వేదిక_పెద్ద
ఆ పోలిక ఒక్క వాక్యం వరకూ ఒప్పుకుంటాను. ఇక్కడితో ఆపుదాం, దారం పసిఫిక్‌లోనే ఉండాలి.

ఓరుగల్లు_పోరడు
సరే పెద్దన్నా. గని సంగతైతే పనికొచ్చేదే. 2022ల సువాల కూసొని వంతులు కాగితం మీద రాసుకున్నరు. అయినా కిరిబాటి పోయింది, మల్ల 2023ల వచ్చింది. తర్వాత కుర్చీ నౌరు మాజీ అధ్యక్షుడు బారన్ వాఖాకి వచ్చింది. అంటే ఏంది? రాసుకుంటే నిలబడ్తది. ద్వీపకల్పన అన్నా, నీ కతల మొదటి రోజే వంతులు రాయించు.

లబాసా_అల్లుడు
ఇంతమంది ఇంత మాట్లాడారు, ఫిజీ చెరకు తోటల్లో ఉన్న మనవాళ్ళ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మా ఆవిడది లబాసా. వాళ్ళ ముత్తాత విశాఖ జిల్లా నుంచి మద్రాసు డిపో మీదుగా గిర్మిట్ (కూలి ఒప్పందం) కింద వెళ్ళినవాడు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు నుంచి ఓడలు వెళ్ళాయి, అందులో తెలుగువాళ్ళు బోలెడుమంది. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకుని పిల్లలకి తెలుగు చెప్పించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. 1966 జనగణనలో ఫిజీ జనాభాలో సగం మంది భారతీయులే. తర్వాత జరిగిన గొడవలన్నిటికీ ఆ భయమే మూలం, "వీళ్ళు మమ్మల్ని మించిపోతారు" అని. 1987 మే 14న సైనికాధికారి రబుకా సైన్యంతో పార్లమెంటులోకి నడిచాడు. గిర్మిటియాల మొదటి ఓడ లియోనిడాస్ 1879లో ఫిజీ చేరింది కూడా మే 14నే.

ద్వీపకల్పన గారి ఐదు దేశాల యూనియన్ లెక్క వేసి చూడండి. 1970 నాటికి ఫిజీ అయిదు లక్షల చిల్లర, సమోవా లక్షన్నర లోపు, టోంగా లక్ష లోపు, మిగతావి వేలల్లో. మొత్తం ఎనిమిది లక్షల దగ్గర. భారతీయులు సగం నుంచి మూడో వంతుకి దిగుతారు. ఆ భయం తగ్గేది. 1987 జరిగేది కాదేమో. నాకైతే ఈ కథ నిజం కావాల్సిందని మనస్ఫూర్తిగా ఉంది.

లెక్కలపుల్ల
అల్లుడు గారూ, అదే లెక్క తిరగేసి చూడండి. ఒకే పాస్‌పోర్టు, ఎక్కడైనా ఉండొచ్చు అన్నారనుకోండి. లబాసా వ్యాపారి టోంగాలో కొట్టు పెడతాడని టోంగా రాజు ఒప్పుకుంటాడా? టోంగాలో భూమి అంతా రాజుదీ, ప్రభువులదీ, అమ్మడం కొనడం రాజ్యాంగమే కుదరనివ్వదు. సమోవాలో నూటికి ఎనభై వంతులు కుటుంబాల ఆచార భూమి. మీ యూనియన్‌లో మొదట తెగేది ఆ పాస్‌పోర్టే.

లబాసా_అల్లుడు
భూమి సంగతి నాకు చెప్పక్కర్లేదు అండీ. మా మామగారిది కౌలు పొలం, చెరకు. ఫిజీలో భూమిలో ఎక్కువ భాగం స్థానిక తెగలది, అమ్మరాదు. 1976 చట్టం కింద ముప్పై ఏళ్ళ కౌలు. 1997 నుంచి ఆ కౌళ్ళు తీరిపోవడం మొదలైంది. మామగారిది తీరినప్పుడు కొత్త కాగితం రాలేదు. ఇల్లు ఆయన కట్టుకున్నదే, కింద నేల ఆయనది కాదు. తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు విప్పి లారీకెక్కించి పట్నం పక్కన బంధువుల స్థలంలో మళ్ళీ బిగించుకున్నారు. పునాది మాత్రం అక్కడే వదిలేశారు. చెరకు మోసే చిన్న రైలు ఇప్పటికీ ఆ పొలం పక్క నుంచే మిల్లుకి పోతుంది.

ఆ నేల ఇచ్చిన తెగవాళ్ళని నేను తిట్టను. వాళ్ళ భూమి వాళ్ళది. ఇద్దరికీ న్యాయం చేసే మధ్యవర్తి లేకపోయాడన్నదే నా బాధ. కౌలు బెంచీ ఒకటి యూనియన్ స్థాయిలో ఉండి, అందులో సమోవా, టోంగా వాళ్ళు కూడా కూర్చుని ఉంటే, భూమి విలువ తెలిసినవాళ్ళు, ఓట్ల లాభం లేనివాళ్ళు, తీర్పు వేరేగా వచ్చేది. దీన్ని కథలో పెట్టండి.

సువా_టీచరమ్మ
అల్లుడు గారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వీధిలో సగం ఇళ్ళు అలా వచ్చినవాళ్ళవే.

ద్వీపకల్పన
లబాసా అల్లుడు గారూ, కౌలు బెంచీ ఒక అధ్యాయమే అవుతుంది. తప్పకుండా.

లెక్కలపుల్ల గారి పాస్‌పోర్టు మాట కూడా రాసుకున్నా. డబ్బు సంగతి తేల్చండి ఇక. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లేకపోతే యూనియన్ నడిపేది ఎవరి డబ్బుతో?

లెక్కలపుల్ల
నిజంలో ఫోరం ఆఫీసు మొదలైనప్పుడు దాని ఖర్చులో మూడో వంతు ఆస్ట్రేలియా, మూడో వంతు న్యూజిలాండ్, మిగిలింది దీవులన్నీ కలిసి. ఆ రెండిటినీ ఎందుకు పిలిచారో అక్కడే తెలుస్తోంది. వాళ్ళని తీసేస్తే 1971లో కరెంటు బిల్లు కట్టేవాడు లేడు.

పాత_అట్లాసు
ఉన్నాడు. నౌరు!

1968 జనవరి 31న స్వతంత్రం. ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్ల దీవి. అంతకు ముందు ఫాస్ఫేట్ తవ్వుకున్నది బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి కమిషన్. నౌరు వాళ్ళు 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టి ఆ వ్యాపారం కొనుక్కున్నారు, 1970కి చేతికొచ్చింది. అక్కడి నుంచి ఏటా సుమారు 20 లక్షల టన్నులు. సొంత జనం నాలుగైదు వేలు. తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలబడ్డారు. ట్రస్టులో పోగైంది వంద కోట్ల డాలర్ల పైనే.

ఆ డబ్బు ఎటు పోయింది? 1977లో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్. హోటళ్ళు. సొంత విమానాలు. చివరికి అప్పులపాలై 2004లో ఆ భవనం అమ్మేశారు. అధ్యక్షుడు హ్యామర్ డి రోబర్ట్ ఆ డబ్బులో పావు వంతు 1971లో ఒక పసిఫిక్ బ్యాంకులో పెట్టి ఉంటే! నాకు అన్నిటికంటే పెద్ద ‘ఇలా జరిగి ఉంటే’ ఇదే.

చీఫ్_ఇంజనీర్_భీమిలి
విమానాలు వృథా అనకండి సార్. ఎయిర్ నౌరు విమానాలు ఖాళీగానైనా తరావా, మజురో, హోనియారా, అపియా లాంటి దీవుల రాజధానులన్నీ కలిపేవి. నౌరుకి ఓడల కంపెనీ కూడా ఉండేది. యూనియన్ చేయాల్సిన పని ఒక్క చిన్న దీవి తన డబ్బుతో చేసింది. మిగతావాళ్ళు తలా కొంత వేసుకుని ఉంటే బాగుండేది.

కొబ్బరాకు
కానీ ఫిజీకి ఎయిర్ పసిఫిక్ ఉండేది కదా. దాన్నే అందరిదీ చేద్దామనుకున్నారు, అందులో టోంగా, సమోవా, నౌరు అన్నిటికీ షేర్లు. చివరికి ఎవరి విమానం వారిదే అయింది, అది మళ్ళీ ఫిజీ ఎయిర్‌వేస్ అని పేరు మార్చుకుంది.

సువా_టీచరమ్మ
ఎందుకంటే పని ఫిజీలో, ఉద్యోగాలు ఫిజీలో, విమానాలు దిగేది నాందీలో. ఎవరింట్లో ఉంటే వాళ్ళదే అన్నట్టు అవుతుంది. నేను పొగిడిన యూనివర్సిటీకి కూడా ఆ దెబ్బ తగిలింది. ఫిజీ ప్రభుత్వం కొన్నేళ్ళు తన వాటా గ్రాంటు ఆపేసింది. 2021 ఫిబ్రవరిలో వైస్ ఛాన్సలర్‌ని రాత్రికి రాత్రి దేశం నుంచి పంపించేసింది. ఆయన నౌరు నుంచి, తర్వాత సమోవా నుంచి కూర్చుని యూనివర్సిటీ నడిపాడు. మిగతా దేశాలు ఆయన పక్కన నిలబడ్డాయి కాబట్టి సంస్థ విరిగిపోలేదు. ఉమ్మడి ఆఫీసులన్నీ ఒక్క ఊళ్ళో పెట్టకండి, అంతే నా మాట.

తేదీరేఖ
ఇంకో చిక్కు. అప్పట్లో సమోవా తేదీరేఖకి అవతల ఉండేది. సువాలో సోమవారం అంటే అపియాలో ఆదివారం, అపియాలో శుక్రవారం అంటే సువాలో శనివారం. రెండు ఆఫీసులూ తెరిచి ఉండేది వారానికి నాలుగు రోజులే. 2011 డిసెంబరు 30ని క్యాలెండర్లోంచి తీసేసి సమోవా ఇవతలికి దూకింది. నా హ్యాండిల్ పేరు అక్కడిదే 😄

ఓరుగల్లు_పోరడు
నాలుగు దినాల వారం అయితే నేను గా యూనియన్ల నౌకరీ చేస్త.

లబాసా_అల్లుడు
ఆక్లండ్ నుంచి ఇంకో మాట. కుక్ దీవుల వాళ్ళు న్యూజిలాండ్ పౌరులు, 1965 నుంచి స్వయంపాలన ఉన్నా ఆ పౌరసత్వం పోలేదు. నియూ వాళ్ళూ అంతే. సొంత దీవుల్లో కంటే ఇక్కడే చాలా రెట్లు ఎక్కువమంది ఉన్నారు. సమోవాకి 1970 నుంచి ఏటా 1,100 మంది కోటా ఉండేది. మా పక్కింటి రారొటోంగా ఆవిడకి మీ కథ చెబితే, "ఆ పాస్‌పోర్టుతో మా మనవడు ఆక్లండ్‌లో ఉండొచ్చా?" అని అడిగింది. ఉండకూడదంటే యూనియన్ వద్దంది. ఆవిడ ఓటు అటే.

లెక్కలపుల్ల
ఆవిడ ఓటే నా వాదన మొత్తం. ఇప్పుడు టువాలు కూడా చూడండి, 2023లో ఆస్ట్రేలియాతో ఫలెపిలి ఒప్పందం చేసుకుంది, ఏటా 280 మందికి అక్కడ స్థిరపడే వీలు. చిన్న దీవికి పక్క చిన్న దీవి ఇవ్వగలిగింది ఏముంది? పెద్ద దేశం ఇస్తుంది. కాబట్టి యూనియన్ రాదు.

చీఫ్_ఇంజనీర్_భీమిలి
చేప ఉంది!

ఇంతసేపూ ఎవరో ఒకరు అంటారని చూస్తున్నా. మజురో లగూన్‌లో మా ఓడ ఆగినప్పుడు చుట్టూ ట్యూనా పడవలే. పర్స్ సీనర్ (చేపల గుంపుని వలతో చుట్టేసి పట్టే పడవ) పక్కన ఫ్రీజర్ ఓడ ఆనుకుని ఉంటుంది. గడ్డకట్టిన స్కిప్‌జాక్ రకం ట్యూనాని వలల్లో కట్టలుగా ఎత్తి ఈ హోల్డులోంచి ఆ హోల్డులోకి దింపుతారు, రాయి రాయికి తగిలిన చప్పుడు. పక్కనే టోపీ పెట్టుకున్న స్థానిక అబ్జర్వర్ కుర్రాడు లెక్క రాసుకుంటూ ఉంటాడు. ఆ కుర్రాడు సంతకం పెట్టకపోతే కోట్ల డాలర్ల పడవ కదలదు.

అది ఎలా వచ్చిందో తెలుసా? 1980లలో ట్యూనా ఎవరి సొత్తూ కాదని అమెరికా వాదించేది. 1984లో సోలమన్ దీవులు అమెరికా పడవ జీనెట్ డయానాని పట్టుకుంటే అమెరికా వాళ్ళ చేపల మీద నిషేధం పెట్టింది. 1985లో కిరిబాటి సోవియట్ యూనియన్‌కి చేపల హక్కు అమ్మింది. అప్పుడు వాషింగ్టన్ కంగారుపడి దిగొచ్చింది, 1987లో దీవులన్నిటితో కలిపి ఒకే ఒప్పందం చేసుకుంది.

లెక్కలపుల్ల
ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, లెక్కలు నేను చెబుతా. 1982 నౌరు ఒప్పందం: మైక్రోనేషియా సమాఖ్య, కిరిబాటి, మార్షల్, నౌరు, పలావు, పీఎన్‌జీ, సోలమన్, తర్వాత చేరిన టువాలు. ఎనిమిది దేశాలు. ప్రపంచపు స్కిప్‌జాక్‌లో సుమారు సగం వీళ్ళ నీళ్ళదే. 2007 నుంచి ‘పడవ రోజులు’ (ఒక పడవ ఒక రోజు చేప పట్టే హక్కు) అమ్మడం మొదలుపెట్టారు. ఏడాదికి మొత్తం ఇన్ని రోజులే అని కట్టు, దేశానికి ఇంత వాటా, రోజుకి కనీస ధర. అది ఐదు వేల డాలర్ల నుంచి ఎనిమిది వేలకి ఎక్కింది. 2010లో సుమారు ఆరు కోట్ల డాలర్లు వచ్చేచోట తర్వాతి పదేళ్ళలో యాభై కోట్ల దాకా వచ్చింది. పడవలవాళ్ళు ఒక్కో దేశాన్ని విడదీసి బేరమాడే రోజులు పోయాయి.

అందం ఎక్కడంటే, ఎల్‌నీనో వస్తే చేప తూర్పుకి, కిరిబాటి వైపు పోతుంది. లానినా వస్తే పడమటికి, పీఎన్‌జీ వైపు. రోజులు ఒకరికొకరు అమ్ముకోవచ్చు కాబట్టి చేప ఎటు పోయినా అందరికీ ఎంతో కొంత. ఇది నిజమైన యూనియన్. జెండా లేదు, పార్లమెంటు లేదు, మజురోలో ఒక చిన్న ఆఫీసు ఉంది.

పాత_అట్లాసు
అంటే యూనియన్ రాదన్న మీరే ఒకటి చూపించారు :)

లెక్కలపుల్ల
పాస్‌పోర్టు యూనియన్ రాదన్నాను సార్. అమ్ముకునే సరుకు ఒకటై, ఒకరు తగ్గించి అమ్మితే అందరూ మునిగే చోట తప్పకుండా వస్తుంది. రెండూ వేరు. ఇంకొకటి గమనించండి, ఆ ఎనిమిదిలో పీఎన్‌జీ కూడా ఉంది. పెద్దదైనా అక్కడ మింగెయ్యలేదు, చిన్న కిరిబాటికి దానికంటే పెద్ద సముద్రం ఉంది కాబట్టి. నేల 811 చదరపు కిలోమీటర్లు, నీళ్ళు 35 లక్షలు. నేల మీద లెక్కపెడితే పీఎన్‌జీ, నీళ్ళ మీద లెక్కపెడితే కిరిబాటి. వెస్టిండీస్‌కి ఈ తూకం దొరకలేదు.

ఓరుగల్లు_పోరడు
ఇది మస్తు చెప్పినవన్నా. ఓట్లు నీళ్ళను బట్టి పెట్టున్రి.

ద్వీపకల్పన
ఈ రెండు పోస్టులతో నా ఐదో అధ్యాయం కదిలింది. 1971 సమావేశాన్ని మొదటి సీను నుంచి తీసేస్తున్నా. కథ 1965లో మొదలవుతుంది. ఫిజీ, టోంగా, సమోవా కలిసి న్యూజిలాండ్‌కి అమ్మే అరటిపళ్ళ ధర కోసం ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నాయి, అది నిజ చరిత్ర. దాని వెనక మారా ఉన్నాడు. దాన్ని అరటి నుంచి కొబ్బరికి, కొబ్బరి నుంచి చేపకి పెంచుతా. 1970లో నౌరు డబ్బుతో బ్యాంకు. 1977లో దేశాలన్నీ 200 మైళ్ళ సముద్రం మీద హక్కు ప్రకటించే వేళకి యూనియన్ చేతిలో సంతకాలు సిద్ధం. వంతులు మొదటి రోజే కాగితం మీద. ఆఫీసులు నాలుగు ఊళ్ళలో. పాస్‌పోర్టు లేదు, చదువుకీ వైద్యానికీ మాత్రం ఎక్కడికైనా వెళ్ళొచ్చు. కుక్ దీవులు సహ సభ్యులుగా ఉంటాయి, పక్కింటి ఆవిడ మనవడు ఆక్లండ్‌లోనే ఉంటాడు.

లబాసా_అల్లుడు
అరటి దగ్గర జాగ్రత్త. ఇప్పుడు ఇక్కడి సూపర్‌మార్కెట్లలో ఈక్వడార్, ఫిలిప్పీన్స్ పళ్ళే. సమోవా అరటి ఆ పోటీకి నిలవలేదు. అరటి మీదే యూనియన్ నిలబెడితే పదేళ్ళలో పోతుంది, చేపకి త్వరగా వెళ్ళిపోండి. కౌలు బెంచీ మాత్రం 1976 లోపే రావాలి, ఆ చట్టంతో పాటే.

సువా_టీచరమ్మ
మురురోవా కూడా మర్చిపోకండి. 1966 నుంచి ఫ్రాన్స్ అక్కడ అణుపరీక్షలు చేస్తుంటే వలస దేశాలు పెట్టిన పాత దక్షిణ పసిఫిక్ కమిషన్‌లో రాజకీయాలు మాట్లాడకూడదన్న నియమం ఉండేది. ఫోరం పుట్టడానికి ఆ మంట ఒక కారణం. డబ్బు ఒక్కటే కలపలేదు వీళ్ళని. 1985 రారొటోంగా అణురహిత ఒప్పందం చదివితే తెలుస్తుంది.

ద్వీపకల్పన
అది ఏడో అధ్యాయంగా పెట్టుకుంటా మేడం, మీకు ముందే పంపిస్తాను.

భీమిలి అన్నా, ఓడల సీను ఒకటి చెప్పండి. నౌరు నుంచి ఫాస్ఫేట్ ఎక్కించుకున్న ఓడ న్యూజిలాండ్‌లో దింపి, తిరుగు ప్రయాణంలో దీవులకి బియ్యం, పిండి తెస్తుంది. ఖాళీ ప్రయాణం ఉండదు, నష్టం తీరిపోతుంది. కుదురుతుందా?

చీఫ్_ఇంజనీర్_భీమిలి
కుదరదు. ఫాస్ఫేట్ మోసిన హోల్డులో తిండి సరుకు పెట్టాలంటే ముందు కడగాలి, ఆరబెట్టాలి, ఇన్స్‌పెక్టర్ దిగి చూసి ఒప్పుకోవాలి. రోజులు పోతాయి. పైగా అంత పెద్ద బల్క్ ఓడ తరావా, ఫునాఫుటి లాంటి చోట్ల బస్తాలు దింపడానికి పనికిరాదు. అక్కడ కావాల్సింది సొంత క్రేన్లున్న చిన్న ఓడలు, సరుకుని బార్జిల్లోకి దింపి ఒడ్డుకి చేర్చే రకం. బల్క్ ఓడని దాని దారిన పోనిచ్చి, ఫాస్ఫేట్ మీద టన్నుకి ఇంత అని యూనియన్ సుంకం వెయ్యండి. ఆ సుంకంతో అలాంటి చిన్న ఓడలు నాలుగు కొనండి, ఇంజనీర్లకి తరావాలోనే శిక్షణ ఇప్పించండి. నాలుగు ఓడలకి రూటు ఎలా వెయ్యాలో రేపు మ్యాపు మీద గీసి ఇక్కడే పెడతా.